ప్రకటన చదివే ఆదివారం

పాస్టరుగారు ఇసుక గడియారం తిరగేశారు. అంటే ఇంకా గంట. గంట తర్వాత కీర్తన, కీర్తన తర్వాత ఊరి గుమాస్తా ఎనాస్ లేచి, గొంతు సవరించుకుని, పెళ్లి ప్రకటన చదువుతాడు. వరుడు అబైజా లూమిస్ అని చదువుతాడు, అది నేను, వయసు అరవై ఒకటి, మిగిలిన పళ్లు పద్దెనిమిది, చేసిన దేశసేవ పన్నెండేళ్లు. వధువు కెజీయా పీజ్ అని చదువుతాడు. ఆవిడ ఒప్పుకుందో లేదో ఈ మందిరంలో ఎవరికీ తెలియదు, నాకు కూడా. పేర్లు చదవగానే పెళ్లాడబోయేవాళ్లు లేచి నిలబడాలి, మా ఊరి పద్ధతి అది. కెజీయా లేచిందంటే సరేనన్నట్టు. లేవలేదంటే సాయంత్రానికల్లా నా సంగతి పక్క ఊళ్లకి పాకుతుంది, మంచు కరిగేసరికి పడవలెక్కి సముద్రం కూడా దాటుతుంది. గుండె దడదడలాడుతోంది, అయినా నవ్వొస్తోంది. ఈ వయసులో ఇలా దడదడలాడటానికి ఒక గుండె మిగిలి ఉండటమే పెద్ద విశేషం కదా. నవ్వు గొంతు దాకా వచ్చింది, దాన్ని దగ్గుగా మార్చి మింగేశాను.

ముందు వరసలో కూర్చున్నాను. ఎవరు ఏ బల్ల మీద కూర్చోవాలో మా ఊరి పెద్దలు కమిటీ వేసి మరీ తేలుస్తారు, రాజధానిలో సభలకి వెళ్లొచ్చిన వాడినని నాకు ముందు బల్ల ఇచ్చారు. ఈ గౌరవంలో ఉన్న తిరకాసు ఏమిటంటే, నేను అందరికీ కనిపిస్తాను, నాకు మాత్రం పాస్టరుగారి ముక్కు తప్ప ఏమీ కనిపించదు. కెజీయా ఆడవాళ్ల వైపు, అందరికంటే వెనక, తలుపు పక్కన కూర్చుంటుంది. మంత్రసాని కదా, ఎవరికి నొప్పులొచ్చినా ప్రసంగం మధ్యలో లేచి పోవాలి. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే ప్రాణం కుదుటపడేది, కానీ తిరిగితే జోయెల్ కర్ర నెత్తిన పడుతుంది. నిద్రపోయేవాళ్లని, దిక్కులు చూసేవాళ్లని పొడవటానికే జోయెల్ ఆ పొడుగాటి కర్ర పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటాడు, వాడి కర్రకి దేశసేవ చేసినవాడూ చేయనివాడూ ఒకటే. అందుకని చెవులు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాను. ఆడవాళ్లు కాళ్ల కింద కుంపట్లు జరుపుకుంటున్న చప్పుడు, ఎవరో ముక్కు చీదిన చప్పుడు, మా అమ్మాయి లోయిస్ ఒళ్లో ఐదు నెలల ఎస్తేరు తనలో తాను ఏదో వాదించుకుంటున్న చప్పుడు. కెజీయా చప్పుడు ఏదో తెలియటం లేదు. పాస్టరుగారు నోవహు ఓడ గురించి చెబుతున్నారు, ఇంకా జంతువులనే ఎక్కిస్తున్నారు, పక్షుల దాకా రాలేదు.

చలి. నోట్లోంచి వచ్చిన ఊపిరి ముఖం ముందే తెల్లగా ఆగుతోంది. కిందటి వేసవిలో ఫిలడెల్ఫియాలో పడ్డ వేడి పిడికెడు మూట కట్టి తెచ్చుకుని ఉంటే ఇప్పుడు కాళ్ల దగ్గర విప్పుకునేవాణ్ణి. ఏం వేడి అది! లోపలి మాట బయటికి పొక్కకూడదని కిటికీలన్నీ మూసేశారు, మాట పోలేదు సరే, గాలి కూడా రాలేదు, పక్కనున్న గుర్రాల సాల నుంచి ఈగలు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా వచ్చిపోయేవి. మేమంతా ఉన్ని కోట్లు వేసుకుని, కొత్త దేశానికి కొత్త చట్టం రాస్తూ, చెమటలో నానుతూ. ఎంత గొప్ప మాటకారులు! ఒకాయన ఉదయం పదింటికి మొదలుపెట్టి, మర్నాడు పదింటికి 'నిన్న నేను చెబుతున్నట్టు' అని కొనసాగించాడు. నేను ఐదు వారాలు నోరు విప్పలేదు. సిగ్గరినని కాదు, చెప్పదలచుకున్న ప్రతి మాటా నేను లేచేలోపు ఎవరో ఒకరు నాకంటే బాగా చెప్పేసేవారు. వోటు అడిగితే చెయ్యెత్తేవాణ్ణి, లేకపోతే ఈగలు తోలుకునేవాణ్ణి.

ఆ రోజు మాత్రం. పెద్ద రాష్ట్రాలు జనం లెక్కన వోట్లు కావాలంటాయి, చిన్న రాష్ట్రాలు అందరికీ సమానం కావాలంటాయి, ఒకాయన బల్ల గుద్ది రేపే పెట్టె సర్దుకుంటానన్నాడు, ఇంకొకాయన సర్దుకో, తాడు నేనిస్తానన్నాడు, నలుమూలల నుంచీ ఇప్పుడే వోటు పెట్టండి అని కేకలు. పెట్టి ఉంటే అంతే, దేశం అక్కడే చీలేది, నాకు ఇవాళ్టికీ అనుమానం లేదు. నేను లేచాను. లేచి, "అధ్యక్షా, రేపు" అన్నాను. అని కూర్చున్నాను. అందరూ నా వైపు చూశారు, ఎవరీయన అన్నట్టు. నిజం చెప్పాలంటే దేశం గురించి ఆలోచించి అన్న మాట కాదది, మా పూటకూళ్లమ్మ మూడింటికి గొడ్డుమాంసం కూరిన పిండివంట పొయ్యి మీంచి దించుతానంది, చల్లారితే అది తినలేం. కానీ ఆ మాటకి అందరి కడుపులూ గుర్తొచ్చినట్టున్నాయి. వాయిదా పడింది. మర్నాడు స్నానాలు చేసి, కడుపు నిండా తిని వచ్చి, ఇద్దరికీ సగం సగం నచ్చే దారి వెతుక్కున్నారు. సభ రాతల్లో 'వాయిదా పడింది' అని ఉంది, ఎవరు వేయించారో లేదు. నాకేం బాధ లేదు. పిండివంట వేడిగా దొరికింది.

తలుపు.

తలుపు తెరుచుకుంది, వీపు మీద చల్లగాలి కొట్టింది, ఎవరో చెక్కల మీద టకటకా నడిచారు. ఎవరికో నొప్పులొచ్చాయి. కెజీయాని పిలుస్తున్నారు. ఇప్పుడా? పక్షులెక్కి, వర్షం మొదలై, నీళ్లు ఇప్పుడిప్పుడే లేస్తుంటే, ఇంకో అరగంట ఆగలేదా ఆ బిడ్డ? వెళ్లిపోతుంది, సంచీ పట్టుకుని, మంచులో, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది, ఎనాస్ ఖాళీ బల్ల వైపు చూస్తూ ప్రకటన చదువుతాడు, లేవనట్టా లేనట్టా? దానికి మా ఊరి పద్ధతిలో జవాబు లేదు. తల తిప్పబోయాను, మెడ సగం దాకా వెళ్లింది కూడా. అప్పుడు కుయ్యిమన్న అరుపు, తలుపు దబ్బున మూసిన చప్పుడు, జోయెల్ గొంతు తగ్గించి ఎవరితోనో అంటున్నాడు, "మీ కుక్కండీ బాబూ, ప్రతి వారం మీ కుక్కే." కుక్క. వట్టి కుక్క. ఆ కుక్క మీద నాకు ఒక్కసారిగా ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

మా ఆవిడ హుల్దా అయితే ఈ పాటికి ఆడవాళ్ల వైపు నుంచి గట్టిగా దగ్గేది, కదలకుండా కూర్చోండి అని. హుల్దా పోయి తొమ్మిదేళ్లు. నేను యుద్ధకాలం సభలో ఉన్నాను, బూట్ల కోసం, తుపాకి మందు కోసం అర్జీలు రాస్తూ. జ్వరమని మొదటి ఉత్తరం వచ్చింది, రేపు బయల్దేరదాం అనుకున్నాను, రేపు బూట్ల మీద వోటు ఉంది, ఎల్లుండి పిండి మీద ఉంది. రెండో ఉత్తరం పాస్టరుగారి చేతిరాతలో వచ్చింది, సమాధి అయిన పంతొమ్మిదో రోజున. సైనికులకి బూట్లు అందాయి. అది మంచి పనే, కాదని ఎవరూ అనరు, హుల్దా కూడా అనదు. అయినా ఆ 'రేపు' నా గొంతులో ముల్లులా ఉండిపోయింది, ఇన్నేళ్లూ తిన్న ప్రతి ముద్దతోనూ దాన్ని మింగుతూనే ఉన్నాను.

అందుకే కిందటి సెప్టెంబరులో లోయిస్ ఉత్తరం రాయగానే, రెండే వాక్యాలు, 'నాన్నా, నెలలు నిండాయి. అమ్మ దగ్గర ఎలాగూ లేరు, నా దగ్గరైనా ఉండండి' అని, నేను పెట్టె సర్దుకున్నాను. మా పక్క రాష్ట్రం ఆయన మెట్ల మీద నా కోటు పట్టుకు లాగాడు. "నాలుగు రోజులు ఆగవయ్యా లూమిస్, కాగితం శుభ్రంగా రాయిస్తున్నారు, సంతకం గీకి పో. పేరు నిలిచిపోతుంది." "నాలుగు రోజులు ఆ బిడ్డని ఆగమని నువ్వు ఉత్తరం రాస్తావా?" అన్నాను. గుర్రపు బండిలో ఆరు రోజులు, నడుములు విరిగి, ఒక చక్రం కూడా విరిగి. సంతకాలు అయిపోయాయని దారిలో ఒక సత్రంలో విన్నాను. ఉడకబెట్టిన మొక్కజొన్న తింటున్నాను అప్పుడు, వెన్న రాసుకుని. ఆగి ఒక్క క్షణం చూసుకున్నాను, లోపల ఎక్కడైనా నొప్పిగా ఉందా అని. లేదు. ఇంకొక కంకి అడిగాను.

ఇంటికొచ్చేసరికి గది తలుపు మూసి ఉంది, లోపల లోయిస్ అరుపు. తలుపు తెరిచి ఒక మనిషి బయటికొచ్చింది, మోచేతుల దాకా గౌను చేతులు మడిచి, నుదుటి మీద జుట్టు అంటుకుపోయి, నన్ను నఖశిఖం చూసింది. దుమ్ము కొట్టుకుపోయిన కోటు, వంకర టోపీ, పైగా పన్నెండేళ్లుగా నేను ఊళ్లో ఉన్న రోజులే తక్కువ. "ఎవరండీ మీరు?" "ఈ దేశానికి చట్టం రాసే సభలో..." అని మొదలుపెట్టాను. "అది సరే, నీళ్లు మోస్తారా?" అంది. మోశాను. పదకొండు బక్కెట్లు, బావి నుంచి వంటింటికి, వంటింటి నుంచి గది గుమ్మానికి. ప్రతిసారీ తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి బక్కెట్టు లాక్కునేది, "ఇంకోటి" అనేది. నా పన్నెండేళ్లలో ఎవరూ నాకు అంత స్పష్టంగా పని చెప్పలేదు. పన్నెండోదానికి బావి దగ్గర ఉండగా ఏడుపు వినిపించింది, గట్టిగా, కోపంగా, సభలో బల్ల గుద్దినాయన కంటే కోపంగా. గుమ్మంలోకి వచ్చి కెజీయా ఎస్తేరుని నా చేతుల్లో పెట్టింది. నా చేతులు తడిగా ఉన్నాయన్నాను. "దాని ఒళ్లూ తడే, పట్టుకోండి" అంది. ఆ కాగితం మీద ముప్ఫై తొమ్మిది పేర్లున్నాయట. ఉండనీ. ఆ రోజు ఆ గుమ్మంలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

వర్షం ఆగినట్టుంది, పాస్టరుగారు పావురాన్ని తీస్తున్నారు. ఇసుక వేలెడు కూడా లేదు. ఆ పావురాన్ని ఒకసారి పంపి ఊరుకుంటారో, ముచ్చటగా మూడుసార్లూ పంపుతారో.

తర్వాత బాలింతని చూడటానికి ఆవిడ వారానికోసారి వచ్చేది, నేను వారంలో ఆరు రోజులు ఆ రోజు కోసం చూసేవాణ్ణి. ఒకసారి ఆపిల్ సారా వేడిచేసి ఇస్తే కప్పు పట్టుకుని అడిగింది, "ఇంతకీ వేసవంతా అక్కడ ఏం చేశారండీ మీరు?" "వాయిదా వేయించాను" అన్నాను. అంతే? అంతే. మొదట కళ్లు నవ్వాయి, తర్వాత భుజాలు, తర్వాత కప్పు బల్ల మీద పెట్టేయాల్సి వచ్చింది, ఒలికిపోతోందని. ఇరవై ఏళ్ల క్రితం భర్త పడవతో పాటు సముద్రంలో పోయాడు, ఊళ్లో సగం మందిని తన చేతులతో లాగి భూమ్మీద పడేసింది, అయినా అలా నవ్వగలదు. నేను చూస్తూ ఉండిపోయాను. ఆ క్షణంలోనే అడిగి ఉండాల్సింది. అడగలేదు, రేపు అనుకున్నాను. అక్టోబరు పోయింది, గుమ్మడికాయలు పోయాయి, మంచు పడింది, రేపు.

చివరికి అడిగింది నోటితో కాదు, కాగితంతో. నాకొచ్చిన విద్య అదొక్కటే కదా. మొదటి అంశం, ఉభయ పక్షాలూ తమ తమ ఇళ్లపై హక్కు నిలుపుకొనును. రెండో అంశం, మంత్రసాని పనికి ఏ వేళనైనా వెళ్లుటకు రెండో పక్షానికి పూర్తి స్వేచ్ఛ కలదు. మూడో అంశం, పక్షముల మధ్య ప్రేమ ఉండవలెనని మొదటి పక్షము సవినయముగా కోరుచున్నది. అడుగున, జవాబు తీరిక చూసుకుని ఇవ్వవచ్చును. ఆవిడ పొయ్యి వెలుగులో చదివింది, రెండుసార్లు చదివింది, లోయిస్ గది తలుపు వెనక నుంచి వింటోందని మా ఇద్దరికీ తెలుసు.

"ఇది పెళ్లి అడగటమా, పొలం కౌలుకివ్వటమా?"

"రెండూ అలవాటు లేనివాణ్ణండీ, కెజీయాగారూ."

"తీరిక చూసుకునా? నా దగ్గరకొచ్చిన ఏ ఆడదాన్నైనా తీరిక చూసుకుని కనమన్నానా నేను?" కాగితం మడిచి జేబులో పెట్టుకుంది, తిరిగి ఇవ్వలేదు, ఆ సంగతి తలుచుకుని నేను నాలుగు రోజులు బతికాను. "ఈ పొయ్యి దగ్గర జవాబు చెప్పనండి. ఇక్కడ చెబితే మీరు ఇంకో ఏడాది వాయిదా వేస్తారు. ఆదివారం ఎనాస్ చేత మందిరంలో చదివించండి. నా జవాబు అక్కడ."

ఎనాస్‌కి రాసి ఇస్తే కళ్లజోడు పైకి తోసి చూశాడు. "అవతలావిడ సరేనన్నారా?" "ఆదివారం తెలుస్తుంది." "పిల్ల సరేనని చెప్పకుండానే ప్రకటనా? అబైజా, నీకు సభల్లో తిరిగి తిరిగి మతి పోయిందిరా." పోయిందేమో. పోతే ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో పోగొట్టుకునేవాణ్ణి. పొద్దున లోయిస్ నా మెడగుడ్డ మూడోసారి విప్పి కడుతూ అంది, "నాన్నా, వణకద్దు, ముడి పడటం లేదు." "వణికేది నేను కాదే, గుడ్డ." "ఆవిడ లేవకపోతే?" "నీళ్లు మోసే పనైనా అడుగుతాను." దాని కళ్లల్లో నీళ్లు చూసి నేను కిటికీ వైపు తిరిగాను.

ఇసుక అయిపోయింది. పావురం ఆకు తెచ్చింది, రెండోసారి పంపితే చాలనుకున్నారు పాస్టరుగారు, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి. కీర్తన. ఎనాస్ ఒక్కో పాదం చదవటం, మేం పాడటం, సగం మంది ఒక రాగం, సగం మంది ఇంకో రాగం, ఎప్పటిలాగే మూడో పాదంలో రెండూ ఢీకొన్నాయి, ఎవరూ తగ్గలేదు, ఎవరి రాగంలో వాళ్లు నెగ్గుకుంటూ చివరికి ఒకేచోట తేలారు. అందరం కూర్చున్నాం. ఎనాస్ మాత్రం నిలబడే ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు. కాగితం విప్పాడు. ఎస్తేరు కూడా మాట్లాడటం మానేసింది.

"ఈ ఊరి కాపురస్తుడు అబైజా లూమిస్‌కి, ఈ ఊరి కాపురస్తురాలు కెజీయా పీజ్‌కి వివాహం తలపెట్టినట్టు ఇందుమూలంగా మొదటిసారి ప్రకటించడమైనది."

అయిపోయింది. ఇప్పుడు లేవాలి ఆవిడ. చెవులు రిక్కించాను. బట్టల గరగర లేదు, కుంపటి జరిగిన చప్పుడు లేదు, చెక్క కిర్రుమనలేదు. ఒకటి, రెండు, మూడు. ఎవరో దగ్గారు. ఆవిడ దగ్గు కాదు. ఎనాస్ కాగితం కిందికి దించి నా వైపే చూస్తున్నాడు, పాపం, జాలిగా. లేవలేదు. లేవదు. సరే. సరేలే, అబైజా. వోటు జరిగింది, వీగిపోయింది, ఓడినవాడు మర్యాదగా కూర్చోవాలి, నీకది అలవాటే. ఆవిడ తప్పేముంది, అరవై ఒక్కేళ్లవాడికి పద్దెనిమిది పళ్లు, నోట్లో ఒకే మాట. అయినా ఈ ఐదు నెలలూ ఎవరూ తీసేసుకోలేరు, ఆ నవ్వు నాదే, ఆ బక్కెట్లు నావే, అనుకుంటున్నాను, అనుకుంటుంటే ముందున్న గోడ మసకబారి ఊగుతోంది. ఎవరూ కదలటం లేదు. ఎనాస్ ఇంకా నన్నే చూస్తున్నాడు. పాస్టరుగారూ నన్నే చూస్తున్నారు. ఎందుకు ఇలా నన్నే?

అప్పుడు వెనక నుంచి, ఆడవాళ్లు నోరెత్తని ఆ మందిరంలో, తలుపు దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"ఏవండీ లూమిస్‌గారూ! ముందు మీరు లేస్తేగా, నేను లేచేది? నేనొక్కదాన్నే లేచి ఎవర్ని చేసుకోను?"

ముందు మగవాడు. అయ్యో దేవుడా. ముందు మగవాడు లేవాలి, ఆ తర్వాత ఆడది, మా తాతల కాలం నుంచీ అంతే, మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. పన్నెండేళ్లు ఎవరో లేస్తారు, ఎవరో మాట్లాడతారు, మన వంతు వచ్చినప్పుడు చూద్దాం అని కూర్చుని కూర్చుని, సొంత ఊళ్లో, సొంత పెళ్లికి కూడా ఎదురుచూస్తూ కూర్చున్నాను. మందిరమంతా ఫక్కున నవ్వింది, పాస్టరుగారు ముక్కు గుడ్డలో దాచుకున్నారు, జోయెల్ కర్ర నా వీపులో గుచ్చుకుంది, "లెగండి, లెగండి మరి!" ఎలా లేచానో తెలియదు. మోకాళ్లు చలికి బిగిసిపోయాయి, బల్ల వెనక్కి పడి తుపాకి పేలినట్టు మోగింది, నేను లేచాను. లేచి, కర్రనీ పద్ధతినీ లెక్కచేయకుండా, పూర్తిగా వెనక్కి తిరిగాను.

కెజీయా లేచింది. పొట్టి మనిషి, నల్ల శాలువా, చలికి ఎర్రబడిన ముక్కు. నవ్వుతోంది అనుకున్నాను. నవ్వటం లేదు. చెంపల మీద నీళ్లు తుడుచుకోకుండా ముందున్న బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఊరి సగాన్ని బతికించిన ఆ చేతులు బల్లని వదలటం లేదు. ఈ గంటంతా భయపడింది నేనొక్కణ్ణే అనుకున్నాను.